ఉదయం ఫలహారానికి తీపి ఉండల బ్రెడ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బల్ల మధ్యలో పెట్టుకుని, కత్తితో పని లేకుండా, ఇంటిల్లిపాదీ వేళ్ళతో తుంచుకు తినే తీపి ఉండల బ్రెడ్ గురించి కిందటి సంచికలో క్లుప్తంగా ప్రస్తావించాం. చాలామంది మంకీ బ్రెడ్ అని పిలిచేది దీన్నే. పులిసిన పిండిని చిన్న చిన్న ఉండలుగా చేసి, కరిగించిన వెన్నలో ముంచి, దాల్చిన చెక్క పొడి కలిపిన చక్కెరలో దొర్లించి, ఒకే పాత్రలో కిక్కిరిసేలా పేర్చి కాల్చడమే దీని తయారీ. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చోట చిక్కుకున్నట్టు కనిపించాయి కనుక మొదటి ప్రశ్నకు కాస్త విపులంగానే జవాబు రాస్తున్నాం.

ప్రశ్న: ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు అందరూ కలిసి తినాలన్న ఆశతో అయిదింటికే లేచి పిండి కలిపాను. ఎనిమిదైనా అది సరిగ్గా పొంగలేదు. పిల్లలు ఆకలితో వంటింటి చుట్టూ తిరుగుతుంటే ఆగలేక అలాగే ఓవెన్‌లో పెట్టేశాను. తొమ్మిదిన్నరకు బయటకు తీస్తే ఉండలు రాళ్ళలా గట్టిగా ఉన్నాయి, రుచి మాత్రం బాగుంది. ఇంకెంత ముందు లేవాలి?

జవాబు: ఇంకా ముందు లేవనక్కరలేదు, పని మొత్తం ముందు రోజు సాయంత్రానికి జరపండి. ఈస్ట్ వేసిన పిండిని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు, కానీ దాన్ని చల్లగా ఉంచి నెమ్మదింపజేయడం చాలా తేలిక. సుమారు 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటన్నరలో జరిగే పొంగు, ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలిలో రాత్రంతా తీసుకుంటుంది. ఆ నెమ్మది వల్ల నష్టం లేకపోగా, పులుపు రాకుండానే పిండికి మంచి వాసన, రుచి పడతాయి. ఉదయపు ఫలహారానికి చేసే బ్రెడ్ అసలు రాత్రి చేసే బ్రెడ్ అని మనసులో పెట్టుకుంటే మీ ఇబ్బంది సగం తీరిపోతుంది.

నలుగురైదుగురికి తృప్తిగా సరిపోయే కొలతలివి. మైదా 500 గ్రాములు, పాలు 260 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, చక్కెర 60 గ్రాములు, మెత్తబడిన వెన్న 60 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు. పైపూతకు కరిగించిన వెన్న 110 గ్రాములు, బ్రౌన్ షుగర్ 200 గ్రాములు, దాల్చిన చెక్క పొడి రెండు టీస్పూన్లు, చిటికెడు ఉప్పు కావాలి. కప్పులతో కొలిచే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క వంటకైనా చిన్న త్రాసు వాడాలని మా మనవి. ఎందుకంటే అదిమి నింపిన కప్పు మైదాకూ, జల్లించి పోసిన కప్పు మైదాకూ ముప్ఫై గ్రాముల పైనే తేడా రావచ్చు, ఉండలు గట్టిపడడానికి ఆ తేడా ఒక్కటే చాలు. మీ ఉండలు రాళ్ళయ్యాయంటే తొందరతో పాటు పిండి ఎక్కువ పడి ఉండే అవకాశం కూడా ఉంది.

పాలను ఒకసారి బాగా కాచి, గోరువెచ్చగా చల్లార్చి వాడండి. పచ్చిపాలలోని కొన్ని మాంసకృత్తులు పిండి సాగుడును బలహీనపరుస్తాయి, కాచినప్పుడు ఆ గుణం తగ్గుతుంది. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే వెచ్చగా తెలియాలి కానీ చురుక్కుమనకూడదు. కొలిచేవారికి అది 38 నుంచి 40 డిగ్రీలు. 60 డిగ్రీల వేడి తగిలితే ఈస్ట్ చచ్చిపోతుంది, అప్పుడు ఎంతసేపు ఎదురుచూసినా పిండి కదలదు. మీ దగ్గర ఉన్నది ఇన్‌స్టంట్ రకం కాక యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే 9 గ్రాములు తీసుకుని, ఆ వెచ్చని పాలలో ఒక చెంచా చక్కెరతో కలిపి పది నిమిషాలు వదిలేయండి. పైన నురగ కట్టితే ఈస్ట్ బతికి ఉన్నట్టు, కట్టకపోతే అక్కడే ఆపి కొత్త ప్యాకెట్ తెరవడం మంచిది.

వెన్న తప్ప మిగిలినవన్నీ కలిపి ముద్ద చేసి, పది నిమిషాలు కదపకుండా వదిలేసి, ఆ తర్వాత మర్దన మొదలుపెట్టండి. మొదటి అయిదు నిమిషాలూ పిండి వేళ్ళకు అంటుకుని విసిగిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది చేయి పొడి పిండి డబ్బాలోకి పోతుంది. పోనివ్వకండి. చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని ఓపిక పట్టండి, అంటుకునే పిండి తనంతట తానే దారికి వస్తుంది. ముద్ద కాస్త నునుపెక్కాక వెన్నను కొంచెం కొంచెంగా చేరుస్తూ మరో ఎనిమిది నిమిషాలు పిసకండి. వెన్నను మొదటే కలిపితే అది మైదాలోని సాగుడుకు అడ్డుపడుతుంది, అందుకే ఈ వరుస. చివరికి ముద్ద చెవి తమ్మెలా మెత్తగా ఉండాలి. ఒక చిన్న ముక్కను రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా లాగితే, తెగకుండా, వెనుక వేళ్ళ నీడ కనిపించేంత పలుచని పొరగా సాగాలి. అంతవరకూ మర్దన పూర్తికానట్టే.

నూనె రాసిన గిన్నెలో ముద్దను పెట్టి, మూత వేసి, రెట్టింపు అయ్యేవరకు ఉంచండి. గంటకు కావచ్చు, గంటన్నరకు కావచ్చు, చలికాలంలో రెండు గంటలూ పట్టవచ్చు. గడియారాన్ని కాక పిండిని చూడండి. ఆ తర్వాత గాలి పోయేలా మెల్లగా అదిమి, ఒక్కొక్కటి ఇరవై గ్రాముల చొప్పున, అంటే పెద్ద ఉసిరికాయంత పరిమాణంలో, సుమారు నలభై ఏడు ఉండలు చేసుకోండి.

ఉండలు చేసే చోట కాస్త ఆగాలి. తుంచిన ముక్క అంచులను అడుగుకు లాగి, అంచులు కలిసిన చోటును కిందికి పెట్టి, అరచేతిని గిన్నెలా బోర్లించి బల్ల మీద నాలుగు చుట్లు తిప్పితే పైభాగం బిగుసుకుని నున్నగా వస్తుంది. బల్ల మీద పొడి పిండి చల్లితే ఉండ జారిపోయి బిగువు పట్టదు. బల్ల కాస్త చెమ్మగా ఉంటేనే పట్టు దొరుకుతుంది. అన్నిటినీ ఇంత శ్రద్ధగా చేయాలా అంటే, పళ్ళెంలో బోర్లించినప్పుడు పైకి కనిపించే తొలి వరుసకు చేస్తే చాలు, లోపలివి కాస్త వంకరగా ఉన్నా పాకం దాచేస్తుంది. ఆ వంకర ఉండల పనిని పిల్లలకు అప్పజెప్పవచ్చు.

ఇక ముంచడం. ఎడమ చేత్తో వెన్నలో ముంచి, అదనపు వెన్న కారిపోయేవరకు రెండు క్షణాలు పట్టుకుని, చక్కెర గిన్నెలో వదలండి. కుడి చేత్తో మాత్రమే చక్కెరలో దొర్లించి పాత్రలో పెట్టండి. తడి చేయి, పొడి చేయి కలిశాయంటే పదో ఉండకే చక్కెర గిన్నె అంతా ముద్దలు కడుతుంది. వెన్న చల్లారి చిక్కబడితే మళ్ళీ కొద్దిగా వేడి చేయండి, చిక్కని వెన్న పైన మందపు పూతలా పేరుకుని చక్కెరను త్వరగా అయిపోగొడుతుంది. వెన్న బాగా రాసిన పాత్రలో, కింది వరుసలోని రెండు ఉండల మధ్య సందు మీదికి పై వరుస ఉండ వచ్చేలా ఇటుకల గోడలాగా పేర్చండి. మిగిలిన వెన్న, చక్కెర పైన పోసేయండి. పాత్రకు మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల వరకు నిశ్చింతగా ఉంటుంది.

పొద్దున ఆరింటికి లేచి పాత్రను బయట పెట్టి, కావాలంటే మళ్ళీ పడుకోండి. ఇల్లు చల్లగా ఉంటే, వెలిగించని ఓవెన్‌లో పాత్రను పెట్టి, కింది అరలో మరిగే నీళ్ళ పళ్ళెం ఉంచి తలుపు మూయండి. గంట, గంటా పది నిమిషాలలో ఉండలు ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. వేలితో మెల్లగా నొక్కితే ఆ గుంట నెమ్మదిగా పూడుతూ చిన్న గుర్తు మిగిలితే ఓవెన్‌కు సిద్ధమైనట్టు. వెంటనే పూడిపోతే ఇంకా సమయం కావాలి. అసలే పూడకపోతే కాస్త ఆలస్యమైనట్టు, వెంటనే కాల్చేయండి. నీళ్ళ పళ్ళెం వాడి ఉంటే పాత్రను, పళ్ళాన్ని బయటకు తీసి ఓవెన్‌ను 175 డిగ్రీలకు వేడి చేసుకోవడం మరచిపోకండి. ఏడూ పదికి లోపల పెడితే ముప్పావు గంట లోపే వాసన అందరినీ లేపేస్తుంది, ఎనిమిదికి బల్ల మీద ఉంటుంది. అడుగున రాత్రి ఊరిన గోధుమరంగు నీరు కనిపిస్తే కంగారు పడకండి. చక్కెర తేమను లాక్కుని కరిగినప్పుడు ఏర్పడేది అది, కాలేటప్పుడు అదే పాకమవుతుంది.

గాజు పాత్ర వాడేవారికి ఒక హెచ్చరిక. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని గాజును వేడి ఓవెన్‌లో నేరుగా పెడితే పగిలే ప్రమాదముంది. లోహపు పాత్రకు ఆ బెంగ లేదు.

ప్రశ్న: పైన నల్లబడుతోంది, మధ్యలో మాత్రం పచ్చిగా, జిగురుగా ఉంటోంది. మంట తగ్గించి ఎక్కువసేపు ఉంచాలా?

జవాబు: మీరు వాడిన పాత్ర ఎలాంటిదో రాయలేదు కానీ, లోతైన గుండ్రటి కేక్ టిన్ అని అనుమానిస్తున్నాం. వేడి అంచుల నుంచి లోపలికి ప్రయాణిస్తుంది కాబట్టి, అంత లోతున మధ్యలో ఉన్న ఉండలకు అది అందేసరికి చుట్టూ ఉన్నవి మాడే స్థితికి వస్తాయి. మధ్యలో గొట్టం ఉన్న బండ్ట్ పాన్‌ను ఈ బ్రెడ్‌కు అందరూ వాడడానికి కారణం అందం ఒక్కటే కాదు. ఆ గొట్టం గుండా వేడిగాలి లోపలి వైపు నుంచి కూడా తాకుతుంది, ఏ ఉండా లోహానికి మరీ దూరంగా ఉండదు. మా కొలతలకు పదంగుళాల వెడల్పు, సుమారు 2.8 లీటర్ల పరిమాణం ఉన్నది సరిపోతుంది. పాత్రలో మూడింట రెండు వంతులకు మించి ఉండలు నింపకండి.

అలాంటి పాత్ర లేకపోతే, పదమూడంగుళాల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు ఉన్న పళ్ళెంలో ఉండలను ఒకే వరుసగా పేర్చి కాల్చండి. ఎత్తు రాదు, కానీ ఇరవై అయిదు నిమిషాలలోనే సమంగా ఉడుకుతుంది. నిజం చెప్పాలంటే, పాకం అంటిన అంచులు అందరికీ ఎక్కువగా దక్కేది ఇందులోనే.

మంట తగ్గించడం సగం మందే. మీ ఓవెన్ పైకడ్డీ వేడి ఎక్కువైతే పాత్రను కింది అరకు దించండి, ఇరవై నిమిషాల తర్వాత పైన అల్యూమినియం రేకును వదులుగా కప్పండి. ఉడికిందో లేదో రంగును బట్టి నిర్ణయించకండి, బ్రౌన్ షుగర్ పిండిని ముందే నల్లగా చూపిస్తుంది. గుచ్చే థర్మామీటర్‌ను మధ్యలో ఉన్న ఉండలోకి దించితే 88 నుంచి 90 డిగ్రీలు చూపాలి. థర్మామీటర్ లేనివారు లోపలి వరుసలోంచి ఒక ఉండను ఫోర్కుతో కాస్త విడదీసి చూడవచ్చు. లోపల దారాల్లా విడిపోతే ఉడికినట్టు, ముద్దగా సాగితే ఇంకో ఆరేడు నిమిషాలు కావాలి. బోర్లించాక పచ్చిదనం బయటపడినా పారేయనక్కరలేదు. రేకు కప్పి అదే ఓవెన్‌లో 165 డిగ్రీల దగ్గర పది, పన్నెండు నిమిషాలు ఉంచితే తేరుకుంటుంది.

ప్రశ్న: దాల్చిన చెక్క వాసన మా ఇంట్లో అందరికీ ఇష్టమని పిండిలోనే రెండు చెంచాల పొడి, మామూలు కంటే రెట్టింపు చక్కెర వేసి కలిపాను. మూడు గంటలైనా పిండి పొంగలేదు. ఈస్ట్ పాతదా?

జవాబు: ఈస్ట్ తప్పు కాకపోవచ్చు, మీరు దానికి రెండు వైపుల నుంచీ ఆటంకం కల్పించారు. దాల్చిన చెక్కకు ఆ ఘాటు వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ అనే పదార్థం సూక్ష్మజీవులను అణచివేస్తుంది, ఈస్ట్ కూడా సూక్ష్మజీవే కదా. చిటికెడు వేస్తే పెద్దగా తెలియదు, రెండు చెంచాలు మాత్రం పొంగును స్పష్టంగా మందగింపజేస్తాయి. ఇక చక్కెర సంగతి. కొద్దిగా ఉన్నప్పుడు అది ఈస్ట్‌కు ఆహారం, మితిమీరితే తేమను తనవైపు లాక్కుని ఈస్ట్ కణాలను దాహంతో అల్లాడిస్తుంది. మైదా బరువులో పదో వంతు దాటినప్పటి నుంచి ఈ ప్రభావం మొదలవుతుంది. మా కొలతలో ఉన్న 60 గ్రాములు 500 గ్రాముల మైదాకు పన్నెండు శాతం, అంటే ఇప్పటికే గీత మీద నిలబడి ఉన్నాం. దాన్ని 120 గ్రాములు చేస్తే మామూలు ఈస్ట్ తట్టుకోలేదు. తీపి పిండికోసమే తయారుచేసే ప్రత్యేక ఈస్ట్ దొరికితే అప్పుడు ధైర్యం చేయవచ్చు.

అసలు ఈ బ్రెడ్‌లో వాసనా, తీపీ పిండికి వెలుపల ఉండడంలోనే ఉంది తెలివంతా. పిండి హాయిగా పొంగుతుంది, నాలుకకు మొదట తగిలేది పైపూత. పిండిలో తీపి తక్కువగా ఉండబట్టే ఆ పూత తీపి వెగటు పుట్టించదు. మీకు వాసన ఇంకా కావాలనిపిస్తే పూతలో మరో చెంచా దాల్చిన చెక్క పొడి, కొద్దిగా జాజికాయ పొడి చేర్చండి. చిటికెడు ఉప్పు మాత్రం మానకండి, అది లేని పాకం చప్పగా ఉండే తీపి.

ప్రశ్న: మేము గుడ్డు తినము. గుడ్డు లేకుండా చేస్తే మెత్తదనం పోతుందా?

జవాబు: పోదు. గుడ్డు బదులు మరో 45 మిల్లీలీటర్ల పాలు, ఒక చెంచా వెన్న అదనంగా వేయండి. రంగు కాస్త తేలికగా ఉంటుంది, అంతే తేడా. మరుసటి రోజుకు కూడా మెత్తగా ఉండాలనుకుంటే ఒక చిన్న ఉపాయం ఉంది. తూచి పెట్టుకున్న మైదాలోంచి 25 గ్రాములు తీసి, పాలలోంచి 125 మిల్లీలీటర్లు తీసుకుని, రెండూ ఉండలు కట్టకుండా కలిపి, సన్నని మంట మీద జావలా చిక్కబడేవరకు, అంటే సుమారు 65 డిగ్రీల వరకు, కలియబెట్టండి. చల్లారాక దాన్ని మిగతా పిండిలో కలపండి. ఉడికిన పిండి పట్టుకున్న నీటిని అంత త్వరగా వదలదు కనుక బ్రెడ్ త్వరగా ఎండిపోదు. తూర్పు ఆసియా బేకరీల్లో విరివిగా వాడే పద్ధతి ఇది, గుడ్డు వేసేవారు కూడా వాడుకోవచ్చు.

ప్రశ్న: బోర్లించగానే పాకమంతా పళ్ళెంలోంచి బల్ల మీదికి పారింది. మరోసారి ఆగి బోర్లిస్తే సగం ఉండలు పాత్రకే అంటుకుపోయాయి. సరైన సమయం ఏది?

జవాబు: ఓవెన్‌లోంచి తీశాక అయిదు నిమిషాలకు తక్కువ కాకుండా, పది నిమిషాలకు మించకుండా ఆగండి. మేము ఎనిమిదో నిమిషానికి బోర్లిస్తాం. పాకం స్వభావం తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు. పొయ్యి దిగినప్పుడు నీళ్ళలా పారేది, కాసేపటికి తీగ సాగుతుంది, ఇంకాసేపు వదిలేస్తే రాయిలా పట్టేస్తుంది. అది తీగ సాగే దశలో ఉన్నప్పుడు పాత్రను వదిలి ఉండలను పట్టుకుంటుంది. మనకు కావలసింది ఆ దశే.

పాత్ర అంచు చుట్టూ పలుచని చాకు తిప్పి, పాత్ర కంటే వెడల్పైన, అంచున్న పళ్ళెం మూసి, మందపాటి గుడ్డతో రెంటినీ కలిపి గట్టిగా పట్టుకుని ఒక్క విసురున తిప్పండి. తిప్పాక వెంటనే ఎత్తకుండా ఒక నిమిషం అలాగే ఉంచితే అడుగున పట్టిన పాకం కూడా దిగుతుంది. ఆలస్యమై అంటుకుపోతే, పాత్ర అడుగును వేడినీళ్ళ పళ్ళెంలో రెండు నిమిషాలు పెట్టండి, వదులుతుంది. మరిగిన చక్కెర వేడి నీటి మరుగును మించి ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుంటుంది. బోర్లించే వేళ పిల్లలను బల్లకు దూరంగా ఉంచండి, తుంచుకోవడానికి మరో పది నిమిషాలు ఆగమనండి.

పాత్ర విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. బండ్ట్ పాన్ అందుబాటులో లేని ఒక రోజు అడుగు ఊడివచ్చే కేక్ టిన్‌లో కాల్చాను. కరిగిన వెన్న, చక్కెర ఆ సన్నని సందులోంచి జారి ఓవెన్ అడుగున పడి మాడి, ఇల్లంతా పొగ కమ్మింది. బ్రెడ్ బాగానే వచ్చింది కానీ పాకం లేదు. ఓవెన్ అడుగును గీకడానికి మాత్రం ఒక పూట పట్టింది. అప్పటినుంచి ఏ పాత్రలో కాల్చినా కింద ఒక పళ్ళెం పెట్టడం అలవాటు చేసుకున్నాను.

ప్రశ్న: ఈస్ట్ లేకుండా, బేకింగ్ పౌడర్‌తో చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. అమెరికాలో చాలామంది ఫ్రిజ్‌లో అమ్మే బిస్కెట్ పిండి (అక్కడ బిస్కెట్ అంటే మెత్తటి చిన్న రొట్టె) డబ్బాను తెరిచి, ముక్కలు కోసి, చక్కెరలో దొర్లించి గంటలో ముగిస్తారు. అది వేరే తిండి. కేక్‌కు దగ్గరగా, పొడిపొడిగా విరుగుతుంది, దారాల్లా సాగదు. ముందు రాత్రి మరచిపోయిన రోజున పనికొస్తుంది.

ప్రశ్న: ఈ బ్రెడ్‌కు కోతి పేరు ఎందుకు వచ్చింది? ఇది ఏ దేశపు వంట?

జవాబు: కోతులు ఆహారాన్ని వేళ్ళతో తుంచుకు తిన్నట్టు తింటాం కనుక ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. పేరు అమెరికాది, పద్ధతి మూలం హంగరీది. అక్కడ దీనికి అరాన్యగలుష్కా అని పేరు, బంగారు ఉండలు అని అర్థం. పులిసిన పిండి ఉండలను వెన్నలో ముంచి, చక్కెర కలిపిన అక్రోటు పప్పు పొడిలో దొర్లించి పేర్చి కాలుస్తారు, వెనీలా వాసన వేసిన పలుచని కస్టర్డ్‌తో వడ్డిస్తారు. దాల్చిన చెక్క ప్రాధాన్యం, బ్రౌన్ షుగర్ పాకం అమెరికాలో చేరిన హంగులు. హంగరీ నుంచి వలస వెళ్ళిన యూదు కుటుంబాలు దీన్ని అక్కడికి తీసుకువెళ్ళాయి. 1980లలో అధ్యక్షుడి సతీమణి నాన్సీ రీగన్ వైట్ హౌస్‌లో క్రిస్మస్‌కు వడ్డించాక దీని పేరు మరింత ప్రచారంలోకి వచ్చింది. దీనికి వాడే గొట్టపు పాత్ర కూడా అంత పాతదేమీ కాదు. ఐరోపా మట్టి, లోహపు అచ్చులను చూసి, అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతపు నార్డిక్ వేర్ సంస్థ స్థాపకుడు డేవిడ్ డాల్‌క్విస్ట్ 1950లో పోత అల్యూమినియంతో దాన్ని తయారుచేశాడు.

హంగరీ పద్ధతి ఒకసారి చేసి చూడమని సలహా ఇస్తాం. మా పూత కొలతలో బ్రౌన్ షుగర్‌ను 120 గ్రాములకు తగ్గించి, బరకగా దంచిన అక్రోటు పప్పు 120 గ్రాములు చేర్చితే చాలు. పాకం తక్కువ, పప్పు కరకర ఎక్కువ. పెద్దవారికి ఇదే ఎక్కువ నచ్చుతుందని మా అభిప్రాయం. అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పప్పును మెత్తటి పొడిగానే వేయాలి, పలుకులు గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది.

ప్రశ్న: మేమిద్దరమే ఉంటాం. సగం మిగిలిపోతే ఫ్రిజ్‌లో పెట్టవచ్చా? మరుసటి రోజు గట్టిపడిపోతోంది.

జవాబు: ఫ్రిజ్ వల్లనే గట్టిపడుతోంది. కాలిన బ్రెడ్‌లోని పిండి పదార్థం మళ్ళీ బిగుసుకునే క్రియ ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. పచ్చి పిండికి ఫ్రిజ్ మేలు చేసినట్టు కాలిన బ్రెడ్‌కు చేయదు. ఒక రోజులో తినేదైతే గట్టి మూత ఉన్న డబ్బాలో బయటే ఉంచండి. అంతకు మించితే చల్లారిన వెంటనే ఉండలను విడదీసి, సంచిలో మూసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రీజర్ చలిలో ఆ బిగుసుకోవడం దాదాపు ఆగిపోతుంది. తినేముందు రేకులో చుట్టి 150 డిగ్రీల దగ్గర పది, పన్నెండు నిమిషాలు వేడి చేస్తే పాకం మళ్ళీ కరిగి మెత్తబడుతుంది.

ఇద్దరికే అయితే ఇంకో దారి మాకు ఎక్కువ నచ్చుతుంది. పిండి మొత్తం ఒకేసారి కలపండి. సగం ఉండలను ఆ రాత్రికే చిన్న బ్రెడ్ టిన్‌లో పేర్చుకోండి. మిగతా సగాన్ని వెన్న, చక్కెర పూయకుండా, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపరచి, తర్వాత సంచిలోకి మార్చండి. మూడు వారాల లోపు ఏ శనివారం రాత్రైనా వాటిని తీసి, గంట సేపు మెత్తబడనిచ్చి, అప్పుడు ముంచి, దొర్లించి, పాత్రలో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఫ్రీజర్‌లో ఈస్ట్ కొంత బలహీనపడుతుంది కాబట్టి ఉదయం పొంగడానికి మాత్రం మరో అరగంట ఎక్కువ ఇవ్వాలి.